కుట్టు విప్పని మూట

జరేచ్యె, 3 నవంబరు 1929

నూట ఇరవై ఏళ్ళు చల్లగా బతకాల్సిన నా తమ్ముడు జెలిక్‌కి, అక్క ఫ్రేదె రాసేది.

ముందు క్షేమ సమాచారాలు. నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు బాగాలేవు, పొయ్యి పొగ చిమ్ముతోంది, మూడు పెద్దబాతుల్లో ఒకటి నక్క పాలయింది. ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం తెచ్చిన బాషె వెనకాల ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది చూడు. అది నా కూతురు హిందె. నువ్వు చూసినప్పుడు ఇంత ఉండేది, ఇప్పుడు పంతొమ్మిది నిండాయి. వాళ్ళ నాన్న యాంకెల్ బతికున్నప్పుడు సొంత కొట్టు పెట్టి ఉప్పూ కిరసనాయిలూ అమ్మాడన్న నేరానికి దానికి ఈ ఊళ్ళో ఎవరూ పని ఇవ్వరు. మీ విటెబ్స్క్‌లో మేజోళ్ళ ఫ్యాక్టరీలో ఆడపిల్లల్ని తీసుకుంటున్నారని బాషె చెప్పింది. బాషె వారం వారం పెరుగు అమ్మడానికి మీ ఊరొస్తుంది కాబట్టి అన్నీ దానికే తెలుస్తాయి.

హిందెని నీ గదిలో ఓ మూల పడుకోనివ్వు. కానీ ఒక షరతు. నీ పాఠాల జోలికి దాన్ని రానివ్వకు.

పగలంతా కళ్ళద్దాల గాజు అరగదీసి, సాయంత్రం నలుగురిని కూడేసి మన యూదుల బైబిలూ హీబ్రూ నేర్పుతున్నావని నాకు తెలుసు. ఈ సోవియట్ రాజ్యంలో అది నేరమనీ తెలుసు. నిన్ను పోలీసు ఆఫీసుకి రెండుసార్లు పిలిచి కూర్చోబెట్టారనీ తెలుసు. నీకు పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, నీ మెడ నీ ఇష్టం. నాకున్నది ఇదొక్కతే.

నేను దేవుడి చదువుకి ఎదురు చెప్పేదాన్ని కాదు. నాన్న బడిలో నువ్వు బల్ల దగ్గర కూర్చుంటే, పొయ్యి వెనక బంగాళాదుంపలు ఒలుస్తూ విన్నదాన్ని. అప్పుడు ఆడపిల్లకి హీబ్రూ ఎందుకన్నారు. ఇప్పుడు అసలెవరికైనా ఎందుకంటున్నారు. నాకు రెండు కాలాలూ ఒకేలా ఉన్నాయి.

మాట ఇవ్వు. నీళ్ళు నమలకుండా ఇవ్వు. ఉప్పులో ఊరిన దోసకాయలు పంపుతున్నాను, జాడీ తిరిగి పంపు.

నీ అక్క
ఫ్రేదె


విటెబ్స్క్, 24 నవంబరు 1929

అక్కకి శాంతి కలగాలి.

బాషె పెరుగు గుడ్డలో చుట్టి తెచ్చిన నీ ఉత్తరం ఇంకా పుల్లగా వాసన వేస్తోంది. ఈ రోజుల్లో అంతకన్నా నమ్మకమైన పోస్టు లేదు.

హిందెకి పని దొరికింది. మడమలు అల్లే మిషను మీద వేశారు. నా గదిలో తెర కట్టి అవతల పక్క వేశాను. మా ఇంట్లో ఆరు కుటుంబాలకి ఒకటే వంటిల్లు, ఒకటే పొయ్యి. ఎవరి గిన్నెలో ఏం ఉడుకుతోందో అందరికీ తెలుసు. మన పిల్ల రెండు రోజుల్లోనే అందరితో కలిసిపోయింది. పక్క గది ముసలమ్మ నాతో మూడేళ్ళుగా మాట్లాడదు, దీనికి మాత్రం జామ్ పెట్టింది.

మాట ఇస్తున్నాను. హిందె నా పాఠాలకి రాదు. పాఠం ఉన్న రోజున సినిమాకి పంపుతాను. అయినా నువ్వు నా గదిని సారా కొట్టులా మాట్లాడతావేం? నలుగురు కుర్రాళ్ళు, సగం చిరిగిన ఒక బైబిలు, అంతే.

దోసకాయలు బ్రహ్మాండంగా ఉన్నాయి. జాడీ తరవాతిసారి.

నీ తమ్ముడు
జెలిక్


జరేచ్యె, 19 జనవరి 1930

నూట ఇరవై ఏళ్ళు బతకాల్సిన తమ్ముడికి.

జాడీ రాలేదు.

మన ప్రార్థనలు జరిగే సమాజ మందిరానికి సర్కారువాళ్ళు తాళం వేశారు. లోపల ధాన్యం నింపారు. నోసన్ తాత నీకు గుర్తున్నాడుగా, మందిరం ఊడ్చి దీపాలు పెట్టేవాడు. పాపం ఆయనే చిరిగిన పుస్తకాలన్నీ నాలుగు బస్తాల్లో కూరి తన కొట్టంలో పెట్టాడు. నేల కరిగాక శ్మశానంలో పాతిపెడతారట. దేవుడి పేరున్న కాగితాన్ని కాల్చకూడదు, పారేయకూడదు, మనిషిని పూడ్చినట్టు పూడ్చాలని నీకు నేను చెప్పేదేముంది. ఇప్పుడు తవ్వితే గునపం వంగిపోతోంది.

ఇక నీ మేనకోడలి సంగతి. నెలకి రెండు ఉత్తరాలు రాసేది ఇప్పుడు రెండు వాక్యాలు రాస్తోంది. బాషె ఏమందో తెలుసా? "మీ హిందె మొహం వెలిగిపోతోందే ఫ్రేదె! రోడ్డు మీద నడుస్తూ తనలో తనే మాట్లాడుకుంటోంది, పెదవులు కదుల్తూనే ఉంటాయి. పలకరిస్తే ఉలిక్కిపడుతుంది" అంది. నాకూ ఒకప్పుడు పంతొమ్మిదేళ్ళుండేవి జెలిక్. దాన్ని ఏమంటారో నాకు తెలుసు.

ఎవడు వాడు? మనవాడేనా? తాగుతాడా? నీ ముక్కు పుస్తకంలోంచి తీసి కాస్త కనుక్కో.

నీ అక్క ఫ్రేదె


విటెబ్స్క్, 9 ఫిబ్రవరి 1930

అక్కకి,

నీ కళ్ళు కప్పడం ఎవరి తరం. అవును, ఒక అబ్బాయి ఉన్నాడు. పేరు లైసర్, అచ్చాఫీసులో పని. మనవాడే. తాగడు. నేను చెప్పానని హిందెకి రాయకు, సిగ్గుపడుతుంది. సాయంత్రాలు ఇంటికి ఆలస్యంగా వస్తే కంగారు పడకు.

చలి ఎక్కువగా ఉంది. వర్క్‌షాపులో నీళ్ళు గడ్డకట్టి రెండు రోజులు గాజు సాన పట్టలేదు.

జెలిక్


జరేచ్యె, 23 ఫిబ్రవరి 1930

నూట ఇరవై ఏళ్ళూ ఆ పైన ఇంకో నాలుగూ బతకాల్సిన తమ్ముడికి.

నా నెత్తిన పాలు పోశావు. లైసర్! పేరు కూడా బాగుంది. రెండు బాతుల ఈకలూ ఏరి దిండ్లు కుడుతున్నాను. ఒకటి అయింది, రెండోదానికి ఈకలు చాలలేదు, పక్కింటావిడ దగ్గర బదులు తెచ్చాను. వాడికి తల్లి ఉందా? ఉంటే ఎలాంటిది? నువ్వు మొదటిసారి నాకొక పనికొచ్చే ఉత్తరం రాశావు.

బాషెకి చెప్పాను. అంటే ఊరికి చెప్పాననే అనుకో.

నీ అక్క


(ఈ కిందిది జెలిక్ పంపలేదు.)

విటెబ్స్క్, 16 మార్చి 1930

అక్కా,

నీకు అబద్ధం చెప్పాను. లైసర్ అనేవాడు లేడు. హిందె పెదవులు కదిలేది పాఠం వల్లె వేసుకుంటూ.

రెండు వారాలు మాట నిలబెట్టుకున్నాను. డబ్బులిచ్చి సినిమాకి పంపాను. మూడోసారి అది సినిమాకి పోకుండా తెర వెనక కూర్చుని వింది. నేను అడిగిన ప్రశ్నకి నలుగురూ తెల్లమొహాలు వేస్తే తెర వెనకనుంచి జవాబొచ్చింది. అది నీ గొంతు. నాన్న అడిగినప్పుడు నేను తడబడితే పొయ్యి వెనకనుంచి అందించేదానివి, గుర్తుందా? నాన్నకి తెలుసు. తెలిసీ నిన్ను బల్ల దగ్గరికి పిలవలేదు. నేనూ నోరు మెదపలేదు. నువ్వు అందించిన జవాబులతోనే తెలివైనవాణ్ణని పేరు తెచ్చుకున్నాను. ఆ తప్పు ముప్పై ఏళ్ళుగా నాతో ఉంది. అందుకే నీ కూతుర్ని బల్ల దగ్గరికి పిలిచాను.

ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్నాను, ఇలాంటి బుర్రని చూడలేదు. అబ్రహాము కొడుకుని బలి ఇవ్వడానికి కొండ ఎక్కించే చోట నాతో గంటసేపు వాదించింది. "దేవుడు అడిగితే మాత్రం? వాళ్ళమ్మని ఒక్క మాటైనా అడిగాడా మావయ్యా?" అంది. అంత సంతోషంగా ఎప్పుడూ ఓడిపోలేదు.

ఇప్పుడు భయం. మొన్న పక్క వీధిలో సోదా జరిగింది. విద్యార్థుల నోటు పుస్తకాలు ఐదు నా దగ్గరున్నాయి. నాన్న పద్ధతే నాది కూడా. మొదటి పేజీలో ఫలానావారి కొడుకు ఫలానా అని రాయించి, దాని కిందే సృష్టి కథ మొదలుపెట్టిస్తాను. పేరు చెప్పుకోకుండా బైబిలు ముందు కూర్చోకూడదని నాన్న పట్టుదల. ఐదో పుస్తకం మీద "యాంకెల్ కూతురు హిందె" అని ఉంది. ఆ పేజీ చింపేద్దామంటే అందులోనే దేవుడి పేరూ ఉంది. ఉమ్మడి పొయ్యిలో కాగితం వేస్తే ఆరు ముక్కులు వాసన పడతాయి. నిజం చెప్పాలంటే, పొయ్యి నాదొక్కడిదే అయినా నాకు చెయ్యి రాదు.

అన్నీ ఒక మూటగా కుట్టి నీకు పంపుతున్నాను. ప్రమాదం దగ్గరపడితే

నువ్వు తిట్టే తిట్లు ఇప్పుడే వినిపిస్తున్నాయి. మర్నాడే వచ్చి దాన్ని లాక్కుపోతావు. యోసేపు కథ ఇంకా సగంలో ఉంది.


విటెబ్స్క్, 17 మార్చి 1930

అక్కకి,

బాషెతో ఒక చిన్న మూట పంపుతున్నాను. నా పాఠాలవి, నోటు పుస్తకాలు. కొన్నాళ్ళు నీ దగ్గర దాచు. గట్టిగా కుట్టాను. దయచేసి విప్పకు, ఎవరికీ చూపించకు.

హిందె కులాసా. జాడీ కూడా పంపుతున్నాను.

జెలిక్


జరేచ్యె, 30 మార్చి 1930

నూట ఇరవై ఏళ్ళు బతకాల్సిన తమ్ముడికి.

జాడీ ముట్టింది. మూట కూడా ముట్టింది. పిండి డ్రమ్ము కింద పెట్టాను. బాషె దాన్ని లంగాల మధ్య కట్టుకొచ్చి, "ఇందులో ఇటికలున్నాయా ఏంటి? మీ తమ్ముడు నన్ను గాడిదనుకుంటున్నాడు" అని తిట్టిపోసింది.

నీ కుట్టు చూస్తే నవ్వొచ్చింది. ఆ వంకర కుట్లు గాజు అరగదీసేవాడివే. నిజం చెబుతున్నాను, కత్తెర చేతిలోకి తీసుకున్నాను. ఒక్క కుట్టు విప్పి, లోపల మన నాన్న చెప్పిన పాఠాలేనా అని చూద్దామనిపించింది. అక్షరాలు చదవగలను కదా, అర్థం తెలియకపోతే పోనీ. మళ్ళీ నువ్వు వద్దన్నావని కత్తెర పెట్టేశాను. జీవితంలో ఒక్కసారైనా నీ మాట విన్నానని రాసిపెట్టుకో.

పస్కా పండక్కి హిందెని పంపు. లైసర్‌ని కూడా పంపితే కాదనను.

నీ అక్క ఫ్రేదె


విటెబ్స్క్, 4 ఏప్రిల్ 1930

అక్కా,

తొందరలో రాస్తున్నాను. మిన్స్క్‌లో నాలాంటి ఒకాయన్ని పట్టుకున్నారు. ఆయన చుట్టాల ఇళ్ళు కూడా వెతికారట. ఆ మూటని విప్పకుండా కాల్చేయి. పండగ ముందురోజు పొద్దున, ఇంట్లో ఉండకూడని పులిసిన రొట్టె ముక్కలు కాల్చడానికి అందరి పెరట్లోనూ మంటలుంటాయి. నీ మంట ఎవరి కంటా పడదు. పాపం నా మీద వేసుకుంటాను. కారణం అడగకు.

హిందెకి సెలవు దొరకలేదు, పండక్కి రాదు.

జెలిక్


జరేచ్యె, 10 ఏప్రిల్ 1930

నూట ఇరవై ఏళ్ళు బతకాల్సిన నా తమ్ముడికి.

కూర్చుని చదువు, నీకు మంచి వార్త.

నీ ఉత్తరం చూడగానే ఒళ్ళు మండింది. నువ్వు చేయలేని పాపం నన్ను చేయమంటావా? విటెబ్స్క్‌లో పొయ్యిలు లేవా? పేజీ పేజీకీ దేవుడి పేరుంటుంది, నేను పులిసిన రొట్టెతో కలిపి బూడిద చేయాలా? పాపం నీ మీద వేసుకుంటాడట. అలా వేసుకోవడానికి అదేమైనా కోటు అనుకున్నావా?

కానీ నీ భయం నాకు అర్థమైంది. అందుకే నీ కన్నా మంచి ఉపాయం చేశాను. నేల కరిగింది. నిన్న బుధవారం నోసన్ తాత పొద్దున్నే కిటికీలు తట్టుకుంటూ వెళ్ళి అందరికీ చెప్పాడు. పదకొండు మంది ముసలాళ్ళు, ఒక బండి, నాలుగు బస్తాలు. పండగ ముందు మంచి రోజని అందరూ ఉతికిన కోట్లేసుకున్నారు. నీ మూటని మూడో బస్తాలో మధ్యన దూర్చాను. నోసన్ తాత చూసి, బస్తా మూతి బిగించి కట్టాడు.

నాన్న సమాధి తల వైపు గుంట తవ్వించాను. ఆడవాళ్ళం కంచె దగ్గర నిలబడ్డాం. మట్టి వేస్తుంటే ఎందుకో ఏడుపొచ్చింది. మందిరం పోయింది, పుస్తకాలు పోయాయి, ఇక మిగిలింది మనుషులమే అనిపించింది. నీ పాఠాలు నాన్న పక్కన ఉన్నాయి జెలిక్. నాలుగు బస్తాల బూజు కాగితాల మధ్య వాటినెవడు వెతుకుతాడు? ఇంతకన్నా మంచి దాపు చూపించు చూద్దాం.

పండగ నీకూ హిందెకీ శుభంగా జరగాలి. రేపు పొద్దున్నే బాషె ఇది నీ చేతిలో పెట్టి వెంటనే రైలెక్కేస్తుంది. పండగ ఎనిమిది రోజులూ అది గడప దాటదు.

నీ అక్క ఫ్రేదె


విటెబ్స్క్, 11 ఏప్రిల్ 1930

అక్కా, తవ్వి తీయించు. ఇది అందిన క్షణంలో తవ్వి తీయించు.

ఆ పుస్తకాల మీద పేర్లున్నాయి. ఐదోది హిందెది. "యాంకెల్ కూతురు హిందె" అని దాని చేత్తోనే రాసింది. లైసర్ లేడు. నేను దానికి డిసెంబరు నుంచీ పాఠం చెబుతున్నాను. నీకిచ్చిన మాట తప్పాను. తరవాత ఎంతైనా తిట్టు, ముందు తవ్వు.

బాషె నీ ఉత్తరం ఇచ్చి వెళ్ళిపోయాక విప్పాను. స్టేషనుకి పరిగెత్తాను, రైలు కదిలిపోయింది. పోస్టులో వేస్తే ఎవరెవరు విప్పుతారో నీకు తెలుసు. నేనే రైలెక్కి వద్దామంటే నా మీద కన్నుంది, వాళ్ళని వెంటబెట్టుకొచ్చినట్టవుతుంది. హిందెకి ఇంకా చెప్పలేదు, ఊరికే కంగారు పడుతుంది. బాషె మళ్ళీ ఎప్పుడొస్తే అప్పుడే ఇస్తాను.

19 ఏప్రిల్. పండగ రోజున కలం పట్టాను, క్షమించు. నిన్న పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర హిందెని తీసుకుపోయారు. మిగతా నలుగురినీ ఎవరి పని దగ్గర వాళ్ళని తీసుకుపోయారు. నా దగ్గరికి ఎవరూ రాలేదు.

జె.


జరేచ్యె, 23 ఏప్రిల్ 1930

జెలిక్,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అందులో ఉన్నది నాకు వారం కిందటే తెలుసు. శ్మశానంలో గట్టిగా చదివి వినిపించారు.

పోలీసులు వెతికింది నీ పుస్తకాల కోసం కాదు. వెండి కోసం. మందిరానికి తాళం వేసిన రోజు ధర్మగ్రంథానికి పెట్టే వెండి కిరీటమూ దీపాలూ దొరకలేదట. శవం లేకుండా పదకొండు మంది ముసలాళ్ళు కోట్లేసుకుని బండి తోలుకుంటూ శ్మశానానికి వెళ్తే ఎవడైనా ఏమనుకుంటాడు? పండగ మూడో రోజు పారలు పట్టుకుని వచ్చారు. మమ్మల్నందర్నీ ఇళ్ళల్లోంచి లాక్కొచ్చి కంచె దగ్గర నిలబెట్టారు. బస్తాలు కోసి పాత కాగితాలన్నీ కాళ్ళతో ఎగదన్నారు. బురదలో పడ్డ ఒక్కో కాగితాన్నీ నోసన్ తాత వంగి ముద్దు పెట్టుకుంటుంటే, "ఏంటి తాతా, వెండి అందులో చుట్టావా?" అని నవ్వాడు ఒకడు.

తరవాత కొత్త గుడ్డ కనపడింది. కుట్టు కోశారు. వెనక అట్ట మీద ఎక్కాలు అచ్చేసిన ఈ ఏటి బడి నోటు పుస్తకాలు. వాళ్ళలో హీబ్రూ వచ్చినవాడు ఒకడున్నాడు. వాడికి అక్షరాలు దిద్దించింది మన నాన్నే. వాడి పేరు రాయను. నాన్న సమాధి రాయి మీద చెయ్యి ఆనించి ఒక్కో పేరూ చదివాడు. నాలుగు పేర్లు నాకెవరో తెలియదు. అయ్యో పాపం ఎవరి పిల్లలో అనుకున్నాను. అప్పుడు ఐదోది చదివాడు.

పరిగెత్తి రైలెక్కేదాన్ని. మమ్మల్ని మన మందిరంలోనే ధాన్యం బస్తాల మధ్య మూడు రోజులు కూర్చోబెట్టారు. వదిలేసరికి అయిపోయింది.

ఇప్పుడు చెప్పు. పదకొండో తారీకున నీకు తెలుసు. పద్దెనిమిదో తారీకున దాన్ని తీసుకుపోయారు. ఆ వారం రోజులూ ఏం చేశావు? అది నీ తెర అవతలే పడుకుంది. లేపి, "అమ్మా, ఎక్కడికైనా పో" అనడానికి నీకు నోరు రాలేదా? నీ మీద కన్నుందా? నీ దగ్గరికి ఎవడూ రాలేదని నువ్వే రాశావు.

ఒక్క మాట రాసి ఉంటే చాలు జెలిక్. ఆ మూటలో నా కూతురి పేరుందని ఒక్క మాట. పులిసిన రొట్టె కాల్చే రోజు దాకా ఆగేదాన్నా? అదే గంటలో, దేవుడి పేరుతో సహా పొయ్యిలో తోసేదాన్ని. నరకానికి పోవాలంటే పాడుకుంటూ పోయేదాన్ని. నువ్వు నాకు పెళ్ళికొడుకు కబుర్లు రాశావు. నేను దిండ్లు కుట్టాను.

నా చేతులతో పాతిపెట్టించాను దాన్ని. నాన్న తల దగ్గర. నీకు గొప్పగా ఉత్తరం కూడా రాశాను.

ఫ్రేదె


విటెబ్స్క్, 11 మే 1930

అక్కా,

ఏమని మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

నా పేరు ఏ పుస్తకంలోనూ లేదు. పాఠం చెప్పేవాడు పేరు రాసుకోడు కదా. ఆ ఐదుగురిలో ఒక్కరూ నా పేరు చెప్పలేదు. లేకపోతే నేనింకా గాజు అరగదీస్తూ ఉండను. వంటింట్లో నన్ను చూసి అందరూ మాటలు ఆపేస్తున్నారు. హిందె మంచం తీయలేదు, తెర తీయలేదు.

నేనే వెళ్ళి చెప్పేస్తాను. నేర్పింది నేను, వాళ్ళు పిల్లలు, వాళ్ళకేమీ తెలియదు అంటాను. రోజూ పని అయ్యాక ఆ పోలీసు ఆఫీసు దాకా వెళ్తున్నాను. ఎదురుగా బెంచీ ఉంది. కూర్చుంటున్నాను. తలుపులు మూసేదాకా కూర్చుని వచ్చేస్తున్నాను. మొన్న లేచి నాలుగడుగులు వేశాను కూడా. దగ్గు తెర వచ్చి ఆగిపోయాను. ఈ దగ్గు తగ్గనీ, సోమవారం తప్పకుండా వెళ్తాను.

హిందెకి నేను ఇవ్వగలిగింది ఆ చదువొక్కటే అనుకుని ఇచ్చాను అక్కా. నన్ను నమ్మమని అడగను.

జెలిక్


జరేచ్యె, 8 జూన్ 1930

జెలిక్,

హిందెని చూసి వచ్చాను. మీ ఊళ్ళోనే, నది దగ్గర జైల్లో. వచ్చేటప్పుడు నీ ఇంటి ముందునుంచే నడిచాను. నీ కిటికీలో లాంతరు గాజు తుడిచిపెట్టి ఉంది. పైకి రాలేదు.

ఐదేళ్ళు వేశారు. ఉత్తరాన అడవుల్లోకి పంపుతారట. ఆ నలుగురికీ తలా రెండేళ్ళే. ఎందుకో తెలుసా? మీకెవరు నేర్పారని అడిగితే మిగతావాళ్ళు నోరు విప్పలేదు. ఇది మాత్రం, "నేనే నేర్పాను" అందట. వాళ్ళు నవ్వారట. మేజోళ్ళు అల్లే పిల్లవి, నీకెవరు నేర్పారే అన్నారట. "మా తాత బడి పంతులు, మా అమ్మ చిన్నప్పుడు విన్నది నాకు చెప్పింది" అందట. నమ్మక, పుస్తకం తెరిచి ఒక పేజీ ముందుకు తోశారు. చదవమన్నారు. ఇది పుస్తకం మూసేసి ఆ పేజీ అంతా చెప్పి, ఒక్కో మాటకీ అర్థం చెప్పి, ఇంకా ఏమైనా సందేహాలున్నాయా అని అడిగిందట. నాన్న దగ్గర చదివినవాడు అక్కడే ఉన్నాడు. తల దించుకుని, "ఇది పంతులే" అన్నాడట. అలా రాసుకున్నారు.

కాబట్టి నువ్వు సోమవారం వెళ్ళొద్దు. ఏ సోమవారమూ వెళ్ళొద్దు. ఇప్పుడు వెళ్ళి నిజం చెబితే అది అబద్ధమాడిందని తేలుతుంది, ఇంకో ఐదేళ్ళు కలుపుతారు. నిన్నూ వదలరు, దాన్నీ వదలరు. ఈ మాట నీకు ఎంత తేలిగ్గా ఉంటుందో నాకు తెలుసు. తేలిగ్గానే ఉండనీ.

నాకు పది నిమిషాలిచ్చారు. కటకటాల అవతల జుట్టు కత్తిరించేసి ఉంది, గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. "మావయ్యని ఏమీ అనకమ్మా. నేనే చెవినిల్లు కట్టుకుని పోరాను, ఆయన వద్దన్నాడు" అంది. అబద్ధమో నిజమో నాకు తెలియదు. అనను అన్నాను. "భయంగా ఉందా?" అని అడిగాను. "చలి గురించి భయంగా ఉంది. మిగతాది ఏమీ కాదు. అక్కడ నా దగ్గర పుస్తకం ఉండక్కర్లేదు, అంతా లోపలే ఉంది" అంది. అది నవ్వింది జెలిక్. బాషె చెప్పినట్టు దాని మొహం వెలిగింది. నువ్వు దానికి ఏం నేర్పావో నాకు తెలియదు. దాని వల్ల నా కూతురు నా ముందు అలా నవ్వగలిగిందని మాత్రం తెలుసు. అందుకు నీకు కృతజ్ఞత చెప్పాలో, నిన్ను శపించాలో తేల్చుకోలేక రైల్లో జరేచ్యె దాకా కూర్చున్నాను.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. బయటికొచ్చేటప్పుడు బల్ల దగ్గర ఒకడు కాగితం నింపుకుంటూ కూర్చున్నాడు. తండ్రి ఉన్నాడా అన్నాడు. పోయాడన్నాను. భర్త? పోయాడన్నాను. వేరే పిల్లలు? లేరన్నాను. "తోబుట్టువులున్నారా? అన్నదమ్ములు?" అని కలం ఆపి నా మొహంలోకి చూశాడు.

లేరు అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నిన్ను కాపాడటానికే అన్నాను. రైలు దిగి ఇంటికి నడుస్తుంటే, అది నిజమేనని తెలిసింది.

హిందె తల్లి
ఫ్రేదె